చుక్కల లెక్క: తెగిన డీఎన్ఏను కణం ఎలా అతుక్కుంటుందో చూద్దామని మొదలుపెట్టిన డైరీ

1వ రోజు

ప్రశ్న చిన్నదే. కణంలో డీఎన్ఏ రెండు పోగులూ ఒకేచోట తెగిపోతే, కణం దాన్ని ఎంతసేపట్లో అతుక్కుంటుంది, ఎలా అతుక్కుంటుంది? పాఠ్యపుస్తకంలో దీనికి జవాబు రెండు బొమ్మల్లో అయిపోతుంది. నా ప్లేట్‌లో ఉన్న కణాల్లోనే అది చూడాలని నా కోరిక.

ముందు పేరు పంచాయతీ ఒకటి తేల్చుకోవాలి. డబుల్ స్ట్రాండ్ బ్రేక్‌ని తెలుగులో ఏమనాలి? 'తెగింపు' అందామంటే అది సాహసమై కూర్చుంటుంది. అందుకని ఈ డైరీలో బ్రేక్ అనే రాస్తాను.

ఒక పోగే తెగితే పెద్ద గొడవ లేదు. ఎదుటి పోగు చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి దాన్ని చూసి పూడ్చేసుకోవచ్చు. 1 గ్రే ఎక్స్‌రే మోతాదుకు ఒక్కో కణంలో అలాంటి ఒంటిపోగు కోతలు వెయ్యి దాకా పడతాయి. అదే మోతాదుకు రెండు పోగులూ తెగేవి 20 నుంచి 40. చిక్కంతా వాటితోనే. చూసి రాసుకోవడానికి పక్కన ఏమీ మిగలదు. పైగా ఒక బ్రేక్ కొస పోయి ఇంకో బ్రేక్ కొసకు అంటుకుంటే క్రోమోజోమ్ ముక్కలే తారుమారవుతాయి. ఎక్స్‌రేలు ఉత్పరివర్తనాలు (జన్యువుల్లో మార్పులు) కలిగిస్తాయని జన్యుశాస్త్రవేత్త ముల్లర్ పండు ఈగల్లో చూపించింది 1927లో. డీఎన్ఏ ఆకారం తెలియడానికి పాతికేళ్ళ పైచిలుకు ముందు.

కణాలు ఆర్‌పీఈ-1. మనిషి కంట్లో రెటీనా వెనకుండే పొర నుంచి తీసి, టెలోమరేజ్ (క్రోమోజోమ్ కొసలు అరిగిపోకుండా చూసే ఎంజైము) చేర్చి, ఆగకుండా పెరిగేలా చేసిన రకం. క్యాన్సర్ కణాల్లా క్రోమోజోమ్‌ల సంఖ్య అడ్డదిడ్డంగా ఉండదు, దాదాపు మామూలు 46. డీఎన్ఏ దెబ్బతింటే కణ విభజనను ఆపే పీ53 అనే ప్రోటీన్ కూడా సవ్యంగా పనిచేస్తుంది. ఈ రెండో గుణం చూసే వీటిని ఎంచుకున్నాను. తర్వాత అదే నాకు ఎదురుతిరిగింది. ఆ సంగతి దాని రోజు వచ్చినప్పుడు చెబుతాను.

ఈరోజు పని: కవర్‌స్లిప్‌ల (పలచటి గాజు బిళ్ళల) మీద కణాలు వేయడం. అంతే.

3వ రోజు

మొదటి దెబ్బ. ఎక్స్‌రే యంత్రం వేరే అంతస్తులో ఉంది. ప్లేట్లు తీసుకెళ్ళి, 1 గ్రే ఇచ్చి, తిరిగి తెచ్చి ఇంక్యుబేటర్‌లో పెట్టేసరికి, మధ్యలో తలుపు దగ్గర కార్డు పనిచేయక నిలబడిన సమయంతో కలిపి, పద్దెనిమిది నిమిషాలు పట్టింది. నా ప్లాన్‌లో మొదటి సమయం 30 నిమిషాలు. ఆ పద్దెనిమిది నిమిషాలూ కణాలు ఏం చేస్తున్నట్టు? గది ఉష్ణోగ్రతలో సగం పని చేస్తూ, సగం చేయకుండా ఉంటాయి. సున్నా నిమిషం ఎక్కడో చెప్పలేని ప్రయోగం అది. పారేశాను.

అక్క (మా ల్యాబ్‌లో సీనియర్) నవ్వి, "ఐసు మీద పెట్టుకుని వెళ్ళొచ్చు కదా నువ్వు?" అంది. చల్లదనంలో ఎంజైములు దాదాపు నిద్రపోతాయి. తిరిగొచ్చాక వెచ్చటి మీడియా పోసిన క్షణాన్ని సున్నా అనుకోవాలి. ఇంత చిన్న సంగతి ప్రొటోకాల్‌లో ఒక్క వాక్యంగా ఉండాల్సింది, నా కాగితంలో లేదు. ఇప్పుడు ఎర్ర పెన్నుతో రాసి గోడకు అంటించాను.

6వ రోజు

మళ్ళీ చేశాను. ఎక్స్‌రే ఇవ్వనిది ఒకటి, ఇచ్చాక 30 నిమిషాలు, 2 గంటలు, 6 గంటలు, 24 గంటలు. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో పది నిమిషాలు ఉంచితే కణం ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది. తర్వాత ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తో పొరకు చిల్లులు, యాంటీబాడీ అడ్డమైన చోటా అంటుకోకుండా బీఎస్ఏ ప్రోటీన్‌తో బ్లాకింగ్, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర మొదటి యాంటీబాడీ. వెతికే గుర్తుకు అంటుకునేది అదే; రంగుతో వెలిగే రెండో యాంటీబాడీ తర్వాత దానికి అంటుకుంటుంది.

పొద్దున కవర్‌స్లిప్ ఒకటి ఫోర్సెప్స్ నుంచి జారి టిష్యూ మీద పడింది. కణాలు ఏ వైపున్నాయో తెలియదు. గాజు రెండు వైపులా ఒకేలా మెరుస్తుంది. అంచు దగ్గర ఫోర్సెప్స్ మొనతో సన్నగా గీకి, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూశాను. గీత పడితే కణాలు ఆ వైపు, పడకపోతే అవతలి వైపు. గీత పడింది. ఊపిరి పీల్చుకున్నాను.

సాయంత్రం మైక్రోస్కోప్ చీకటి గదిలో 30 నిమిషాల స్లైడ్ పెట్టి పచ్చ కాంతి వైపు తిప్పగానే నోట మాట రాలేదు. నీలం కేంద్రకాల నిండా పచ్చటి చుక్కలు, ఆవాలు చల్లినట్టు.

ఆ చుక్క ఏమిటో ఇక్కడే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ముందుముందు నా తప్పులన్నీ దీన్ని మర్చిపోవడం వల్లే వస్తాయి. డీఎన్ఏ వెడల్పు 2 నానోమీటర్లు. అందులో పడిన బ్రేక్ ఏ మామూలు మైక్రోస్కోప్‌కూ కనిపించదు. డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్లలో హెచ్2ఏఎక్స్ అనేది ఒకటి. బ్రేక్ పడగానే ఏటీఎం అనే ఎంజైము ఆ చుట్టుపక్కల ఉన్న హెచ్2ఏఎక్స్ తోకలో 139వ అమైనో ఆమ్లమైన సెరీన్ మీద ఫాస్ఫేట్ పెడుతుంది. అక్కడితో ఆగదు. తెగిన చోటు నుంచి అటూ ఇటూ పాకుతూ పది లక్షల బేస్‌ల మేర పెడుతూ పోతుంది. అలా గుర్తు పడిన హిస్టోన్‌కు గామా-హెచ్2ఏఎక్స్ అని పేరు, 1998లో బానర్ బృందం బయటపెట్టింది. నా యాంటీబాడీ పట్టుకునేది ఆ ఫాస్ఫేట్‌నే. అంటే నాకు కనిపించేది గాయం కాదు, గాయం చుట్టూ మూగిన జనం. జనం గుమిగూడటానికి కొంత సమయం పడుతుంది, అందుకే చుక్కలు అరగంటకు నిండుగా ఉంటాయి. గాయం మానాక జనం చెదరడానికీ సమయం పడుతుంది.

7వ రోజు

లెక్కపెట్టాను. 30 నిమిషాలకు గుంపుగా, 6 గంటలకు పలచగా, 24 గంటలకు దాదాపు ఖాళీ. గ్రాఫ్ చూసి మురిసిపోయాను. ఆ తర్వాత ఎక్స్‌రే ఇవ్వని స్లైడ్ తీశాను.

అందులోనూ చుక్కలున్నాయి. అన్ని కణాల్లో కాదు. కొన్ని కేంద్రకాల్లో ఒక్కటీ లేదు, కొన్నింట్లో చిన్నచిన్నవి ముప్పై నలభై. ఎక్స్‌రే వాసన కూడా తగలని కణాల్లో!

9వ రోజు

రెండు రోజులు యాంటీబాడీని తిట్టాను. కొత్త గొట్టం తెరిచాను, బ్లాకింగ్ సమయం పెంచాను, రెండో యాంటీబాడీ ఒక్కటే వేసి చూశాను (ఏమీ వెలగలేదు, కాబట్టి దాని తప్పు కాదు). చివరికి అక్క దగ్గరకే వెళ్ళాను.

"ఆ కణాలు ఏ దశలో ఉన్నాయో చూశావా?"

చూడలేదు. నా ప్లేట్‌లో కణాలన్నీ ఒక్క అడుగులో నడవవు. కొన్ని జీ1లో విశ్రాంతిగా పెరుగుతుంటాయి, కొన్ని ఎస్ దశలో డీఎన్ఏను నకలు తీస్తుంటాయి, కొన్ని జీ2లో విభజనకు సిద్ధమవుతుంటాయి. నకలు తీసే యంత్రాంగం ఎక్కడైనా తడబడితే అక్కడా హెచ్2ఏఎక్స్ మీద ఫాస్ఫేట్ పడుతుంది. అంటే ఎస్ దశ కణానికి చుక్కలుండటం రోజువారీ వ్యవహారం. ఆ మూడు రకాలనూ ఒక్క సంచిలో పోసి సగటు తీశాను నేను. ఆ సగటు ఏ కణానిదీ కాదు.

14వ రోజు

ఈసారి ఎక్స్‌రేకి ముందే మీడియాలో ఈడీయూ కలిపాను. అది థైమిడిన్‌లా నటించే అణువు, నకలు తీస్తున్న కణం మోసపోయి దాన్ని డీఎన్ఏలో పెట్టేసుకుంటుంది. తర్వాత దానికి ఎర్ర రంగు తగిలిస్తే ఎస్ దశ కణాలన్నీ ఎర్రగా బయటపడతాయి. వాటిని లెక్కలోంచి తీసేశాను. మిగిలిన వాటిని డ్యాపీ (డీఎన్ఏకు అంటుకుని కేంద్రకాన్ని నీలంగా చూపే రంగు) కాంతి మొత్తం ఎంతో కొలిచి రెండుగా విడదీశాను: డీఎన్ఏ ఒక వంతు ఉన్నవి జీ1, రెండు వంతులున్నవి జీ2.

గ్రాఫ్ విడిపోయింది. ఎక్స్‌రే ఇవ్వని స్లైడ్‌లో జీ1 కణాలు దాదాపు శుభ్రం. అక్కడక్కడా ఒకటో రెండో లావుపాటి చుక్కలు మిగిలాయి గానీ అవి దుమ్ము కాదట: వెనకటి ఎస్ దశలో నకలు తీయడం పూర్తికాకుండానే విభజన దాటేసిన చోట్లు, పిల్ల కణంలో 53బీపీ1 ప్రోటీన్ కప్పుకుని కూర్చుంటాయి. తల్లి కణం అప్పు కూతురికి చేరినట్టు.

ఎక్స్‌రే ఇచ్చిన అరగంటకు జీ2లో చుక్కలు జీ1కి సుమారు రెట్టింపు. డీఎన్ఏ రెట్టింపు ఉంది కాబట్టి తెగేదీ రెట్టింపే. ఎవరైనా ముందే ఊహించగలిగింది, కానీ నా చేత్తో లెక్కపెట్టి అది వచ్చినప్పుడు కలిగిన తృప్తి వేరు.

15వ రోజు

అక్క నా స్లైడ్‌ల లేబుళ్ళన్నీ పీకేసి అంకెలు అంటించింది. ఏది ఏ సమయమో తెలియకుండా మళ్ళీ లెక్కపెట్టమంది. పెట్టాను. 24 గంటల స్లైడ్ లెక్క పెరిగింది. మొదటిసారి, అది 24 గంటలదని తెలుసు కాబట్టి, మసక చుక్కలను 'ఇది బ్యాక్‌గ్రౌండ్‌లే' అని దాటేశానన్నమాట. అవే మసక చుక్కలను 30 నిమిషాల స్లైడ్‌లో మాత్రం లెక్కలో వేసుకున్నాను. కావాలని చేసింది కాదు. అందుకే భయం వేసింది.

ఇకపై అంకెలు లేకుండా లెక్క లేదు.

20వ రోజు

ఇప్పుడు 'ఎలా' సంగతి.

జీ1 కణానికి ఉన్న ప్రధాన దారి తెగిన రెండు కొసలనూ నేరుగా కలిపేయడం. కూ70, కూ80 అనే రెండు ప్రోటీన్లు కలిసి ఉంగరంలా ఉంటాయి. కొస కనిపించిన క్షణాల్లో దారానికి పూస గుచ్చినట్టు దాని మీదికెక్కుతాయి. ఇవి కణంలో లక్షల సంఖ్యలో సిద్ధంగా ఉంటాయి కాబట్టి ముందు చేరేది దాదాపు ఎప్పుడూ ఇవే. వాటి మీదికి డీఎన్ఏ-పీకే వచ్చి రెండు కొసలనూ దగ్గరకు పట్టుకుంటుంది, కొస చిందరవందరగా ఉంటే ఆర్టెమిస్ కత్తిరించి సరిచేస్తుంది, చివరికి ఎక్స్‌ఆర్‌సీసీ4 తోడుతో లిగేజ్ 4 అతికేస్తుంది. ఆ కత్తిరింపులో ఒకటి రెండు డీఎన్ఏ అక్షరాలు (బేస్‌లు) పోవచ్చు, చేరవచ్చు.

జీ2 కణానికి ఇంకో దారి కూడా ఉంది, ఎందుకంటే నకలు అప్పటికే పక్కన ఉంది. ఎంఆర్ఎన్, సీటీఐపీ అనే ప్రోటీన్లు కలిసి కొస దగ్గర ఒక పోగును వెనక్కి కొరుక్కుంటూ పోతాయి. బయటపడిన ఒంటిపోగును ముందు ఆర్‌పీఏ కప్పుతుంది. దాన్ని తప్పించి బీఆర్‌సీఏ2 అక్కడ రాడ్51ను వరుసగా పేరుస్తుంది. రాడ్51 పేరుకున్న ఆ పోగు, పక్కనున్న సోదరి పోగుల్లోకి చొరబడి, తనకు సరిపోయే వరుసను వెతుక్కుని, పోయిన భాగాన్ని చూసి రాసుకుంటుంది. నకలు లేని జీ1లో ఈ కొరుకుడు మొదలైతే ప్రమాదం. అందుకే అక్కడ రెండు అడ్డుకట్టలున్నాయి. సీటీఐపీ పనిచేయాలంటే సీడీకే ఎంజైము ఫాస్ఫేట్ పెట్టాలి, జీ1లో సీడీకే చాలదు. ఇక కొసల దగ్గర 53బీపీ1 కాపలా కాస్తుంది. దాని వెనక రిఫ్1, ఇంకా వెనక షీల్డిన్ అనే జట్టు. ఈ షీల్డిన్ 2018 దాకా ఎవరికీ తెలియనే తెలియదు.

రాడ్51 యాంటీబాడీ వేసి చూశాను. జీ1లో చుక్క లేదు. జీ2లో 2 గంటలకు స్పష్టంగా ఉన్నాయి. కానీ ఆ కణంలో గామా-హెచ్2ఏఎక్స్ చుక్కలెన్నో, రాడ్51 చుక్కలెన్నో పక్కపక్కన పెడితే రాడ్51వి బాగా తక్కువ. ముందు స్టెయినింగ్ సరిగ్గా పడలేదేమో అనుకున్నాను. కాదు. పక్కన నకలు పెట్టుకుని కూడా జీ2 కణం ఎక్కువ బ్రేక్‌లను నేరుగానే అతికేస్తుంది. నేను చదివిన బొమ్మల్లో 'జీ1కి ఇది, జీ2కి అది' అన్నట్టు పంచేసి ఉండేది. కణం అలా పంచుకోలేదు. కూ ముందు చేరుతుంది, ప్రయత్నిస్తుంది. త్వరగా కుదరని చోట, ముఖ్యంగా డీఎన్ఏ గట్టిగా ముడుచుకున్న హెటెరోక్రోమాటిన్‌లో, రెండో దారి తెరుచుకుంటుంది. జాగ్రత్తగా చేసే పద్ధతి ఉండి కూడా త్వరగా అయ్యే పద్ధతినే ముందు వాడటం నాకు మొదట్లో నిర్లక్ష్యంలా తోచింది. విడిపోయిన కొసలు ఎంతసేపు తేలుతూ ఉంటే అంత ప్రమాదం అని గుర్తొచ్చాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

23వ రోజు

డీఎన్ఏ-పీకేని ఆపే ఎన్‌యూ7441 వేసి అదే ప్రయోగం. అరగంట స్లైడ్‌లో తేడా లేదు (ఫాస్ఫేట్ పెట్టడానికి ఏటీఎం ఉంది కదా). 6 గంటల స్లైడ్‌లో జీ1 కణాలు ఇంకా చుక్కలతో నిండి ఉన్నాయి. అంకెల లేబుళ్ళతోనే లెక్కపెట్టాను, ఇది ఏ స్లైడో చూడగానే తెలిసిపోయింది, దానికి చేసేదేం లేదు.

27వ రోజు

చుక్క మాయమైందంటే అతుకు పడిందని అనుకుందాం. సరిగ్గా పడిందా? ఆ మాట చుక్క చెప్పదు. అక్షరాలు చదవాల్సిందే.

ఎక్స్‌రే ఎక్కడ కోస్తుందో ముందే తెలియదు కాబట్టి చదవడం కుదరదు. అందుకని క్యాస్9 అనే డీఎన్ఏ కోసే ఎంజైము. తనతో ఉన్న గైడ్ ఆర్ఎన్ఏ చూపించిన చోటే కోస్తుంది. కోత చోటు చుట్టుపక్కల నా వరుస ఇది, నిలువు గీత దగ్గర కోత:

సీ ఏ జీ ఏ టీ టీ | సీ ఏ జీ ఏ జీ జీ

ఎలక్ట్రోపొరేషన్ చేసి (విద్యుత్ తాకిడితో క్యాస్9ను కణాల్లోకి పంపి), మూడు రోజులాగి, డీఎన్ఏ తీసి, పీసీఆర్‌తో ఆ చోటుకు నకళ్ళు పెంచి, అక్షరాలు చదివించడానికి సీక్వెన్సింగ్‌కు పంపాను.

31వ రోజు

ఫలితం నిరాశ. కోత గుర్తులు అతి తక్కువ. కణాలు కూడా పలచగా పెరిగాయి. ఇక్కడే పీ53 ఎదురుతిరిగింది. ఈ రకం కణాల్లో క్యాస్9 కోత పీ53ని లేపి విభజనను ఆపేస్తుందని 2018లోనే వచ్చింది. కోత పడినవి ఆగి నిలబడ్డాయి, పడనివి తాపీగా పెరిగి ప్లేట్ నింపేశాయి. నేను చదివింది ఎక్కువగా పడనివాటి డీఎన్ఏ.

మందు: పీ53 తీసేసిన ఆర్‌పీఈ-1 పక్క ల్యాబ్‌లో ఉన్నాయి. అడిగాను, ఇచ్చారు.

38వ రోజు

వచ్చింది. సీక్వెన్సింగ్ గ్రాఫ్‌లో కోత చోటు వరకు ఒక్కొక్క శిఖరం విడివిడిగా, నీటుగా. గీత దాటిన మరుక్షణం నాలుగు రంగులూ ఒకదానిమీద ఒకటి పడి గజిబిజి. వేర్వేరు కణాలు వేర్వేరుగా అతుక్కున్నాయి కాబట్టి అక్కడి నుంచి చదువు కుదరదు. సాఫ్ట్‌వేర్ ఆ గజిబిజిని విప్పి ఏ రకం ఎంతుందో అంచనా వేస్తుంది. అది చాలక, కొన్ని ఒంటరి కణాలను విడిగా పెంచి వాటినీ చదివించాను.

రెండు రకాలు మళ్ళీ మళ్ళీ కనిపించాయి. ఒకటి, కోత దగ్గర ఒక 'టీ' ఎక్కువ: టీ టీ ఉండాల్సిన చోట టీ టీ టీ. క్యాస్9 కొన్నిసార్లు రెండు పోగులనూ ఒకే గీతలో కోయకుండా ఒక అక్షరం ఎగుడుదిగుడుగా కోస్తుంది. ఆ ఎగుడును పూడ్చి అతికితే కోత పక్కనున్న అక్షరమే రెండుసార్లు పడుతుంది.

రెండోది చూసి కుర్చీలోంచి లేచాను:

సీ ఏ జీ ఏ జీ జీ

ఆరు అక్షరాలు మాయం. కోతకు అటు ఒక సీఏజీఏ, ఇటు ఒక సీఏజీఏ ఉంది చూడండి. కొసలను కొంచెం కొరికాక ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కున్నాయి, మధ్యలోని టీటీ, ఒక సీఏజీఏ ఊడిపోయాయి. ఇది పై రెండు దారుల్లో ఏదీ కాదు. పోల్ తీటా అనే పాలిమరేజ్ నడిపే మూడో దారి. నకలు వెతకదు, చేతికందిన నాలుగక్షరాల పోలిక చాలు దానికి.

39వ రోజు

రాత్రి నిద్రపట్టక ఒక సంగతి తట్టింది. కణం ఒక్క తప్పూ లేకుండా అతికితే వరుస మళ్ళీ మొదటిలాగే ఉంటుంది. క్యాస్9 ఇంకా అక్కడే ఉంది. మళ్ళీ కోస్తుంది. మళ్ళీ సరిగ్గా అతుకుతుంది, మళ్ళీ కోస్తుంది. ఏదో ఒకసారి తప్పు పడితే గుర్తు చెరిగిపోతుంది, అప్పుడు ఆగుతుంది. అంటే నా సీక్వెన్సింగ్‌లో కనిపించేవి తప్పులే, మంచి అతుకులు ఎన్ని పడ్డాయో ఆ పట్టికలో లేనే లేదు. 'కణం ఇంత నిర్లక్ష్యంగా అతుకుతుంది' అని నిన్న నోట్‌బుక్‌లో రాసిన వాక్యం కొట్టేశాను. చుక్కలు అతుకు నాణ్యత చెప్పవు, సీక్వెన్సింగ్ తప్పుల్నే చూపిస్తుంది.

44వ రోజు

ఎర్రగా వెలిగే 53బీపీ1 ముక్క ఉన్న బతికున్న కణాలు వేశాను. ఫిక్స్ చేయకుండా, ఒక్క కణాన్నే వరసగా చూడాలని. లేజర్ బాగా తగ్గించాను, ఆ కాంతే కొత్త బ్రేక్‌లు పెడితే నవ్వులపాలవుతాను. పది నిమిషాలకు ఒక ఫోటో.

ఎక్స్‌రే ఇచ్చిన అరగంటకు ఒక కేంద్రకంలో పందొమ్మిది చుక్కలు. గంటన్నరకు పన్నెండు. ఎడమ అంచున రెండు చుక్కలు దగ్గరకు జరుగుతూ వచ్చి ఒకటయ్యాయి. రెండు బ్రేక్‌లు కలిసి ఒకే చోట మరమ్మతు అవుతున్నాయా, లేక పైనా కిందా ఉండి నాకలా కనబడ్డాయా? నా లెక్కలో మాత్రం అది 'ఒక చుక్క తగ్గింది' అనే పడింది. పాత స్లైడ్‌ల లెక్కల్లో ఇలాంటివి ఎన్ని దాక్కున్నాయో.

రేపటి నుంచి లోతు కూడా పట్టుకునేలా ఒక్కో సమయానికి తొమ్మిది పొరలు తీస్తాను. కాంతి తొమ్మిది రెట్లవుతుంది కాబట్టి, ముందు ఎక్స్‌రే ఇవ్వని ప్లేట్ మీద ఒక రాత్రి నడిపి చూడాలి. మైక్రోస్కోప్ బుక్ చేశాను. కణాలు ఇంక్యుబేటర్‌లో ఉన్నాయి.